బైనాక్యులర్ కన్నా ముందు పంచాంగం

ఆరేళ్ల క్రితం ఒక ఆదివారం. కొత్తగా కొన్న బైనాక్యులర్ మెడలో వేసుకుని, తీరిగ్గా పెసరట్టు ఉప్మా తిని, పదకొండు గంటలకు చొల్లంగిపేటలో పడవ ఎక్కాను. కోరంగి మడ అడవుల దగ్గర చలికాలంలో పక్షులు వేలల్లో దిగుతాయని విని మొదటిసారి వెళ్లడం అది. గంటన్నర తిరిగితే కనబడినవి ఒక లకుముకి పిట్ట, రెండు తెల్ల కొంగలు, చెట్టు చివర రెక్కలు ఆరబెట్టుకుంటున్న ఒక నీటికాకి. ఈ మూడూ మా వీధి చివర పంట కాలువ గట్టు మీద రోజూ కనబడేవే. దిగేటప్పుడు పడవ నడిపిన పెద్దాయనను అడిగాను, తప్పంతా పక్షుల మీదకు నెట్టి: "ఈ ఏడు పిట్టలు రాలేదా బాబాయ్?"

ఆయన నా మెడలో వేలాడుతున్న వస్తువును ఒకసారి, నా ముఖాన్ని ఒకసారి చూశాడు.

"పోటు నిండిపోయాక వచ్చారు కదండీ. బురదంతా నీళ్ల కింద ఉంటే పిట్టలెక్కడ నిలబడతాయి? ఇవాళ తదియ. మీ ఇంట్లో పంచాంగం లేదా బాబూ?"

ఉంది. వంటింటి తలుపు వెనక మేకుకు వేలాడుతూ ఉంది. బైనాక్యులర్ ధరలో నూరో వంతు కూడా ఉండదు దాని ధర. అమ్మ దాంట్లో ఏకాదశులు చూసుకుంటుంది, నేను సెలవులు చూసుకుంటాను. అది సముద్రం నీళ్ల పట్టిక కూడా అని అప్పటిదాకా నాకు తట్టలేదు. కాకినాడలో పుట్టి పెరిగినవాణ్ణి, బ్యాంకులో లెక్కలు చూసి బతికేవాణ్ణి. సిగ్గుపడాల్సిన సంగతే.

ఈ ఆరేళ్లలో నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. మన తీరంలో పక్షులు కనబడకపోవడానికి చాలాసార్లు కారణం పక్షులు కాదు, మన ఆదివారం. మనం వారాన్ని బట్టి వెళతాం, అవి తిథిని బట్టి వస్తాయి. ఈ రెండు లెక్కలూ కలిసిన రోజున ఫొటోలు పెట్టి మురిసిపోతాం, కలవని రోజున "వలసలు తగ్గిపోయాయి" అని నిట్టూరుస్తాం. వలసలు నిజంగానే తగ్గుతున్నాయి, ఆ మాటకు మళ్లీ వస్తాను. కానీ తగ్గాయని చెప్పేవాడు కనీసం సరైన వేళకు వెళ్లి చూసి చెప్పాలి కదా.

లెక్క చెబుతాను. ఇది నాకు చాలా ఇష్టమైన లెక్క.

మన తూర్పు తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. నీళ్లు ఎక్కడం పోటు, తీయడం పాటు. అమావాస్యకు, పౌర్ణమికి కాకినాడ తీరాన పోటు నిండేది ఉదయం తొమ్మిది ప్రాంతంలో, మళ్లీ రాత్రి తొమ్మిది ప్రాంతంలో. నీళ్లు పూర్తిగా తీసేది మధ్యాహ్నం మూడుకు, తెల్లవారుజామున మూడుకు. అక్కడి నుంచి ఒక్కో తిథికి పోటు రెండు గడియలు ఆలస్యమవుతుంది. గడియ అంటే ఇరవై నాలుగు నిమిషాలు. పక్షానికి పదిహేను తిథులు, తిథికి రెండు గడియలు, వెరసి ముప్పై గడియలు, అంటే సరిగ్గా పన్నెండు గంటలు. అంటే అమావాస్య నాడు ఉదయం తొమ్మిదికి నిండిన పోటు జరుగుతూ జరుగుతూ పౌర్ణమి నాటికి రాత్రి తొమ్మిదికి చేరుతుంది. రాత్రిది ఉదయానికి చేరుతుంది. లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. అరగంట అటూ ఇటూ తేడా ఉంటుంది, గాలిని బట్టి, రుతువును బట్టి. అయినా వేళ్ల మీద వేసుకోగలిగిన లెక్క ఇది. ఆ తదియ నాడు తొమ్మిదికి ఆరు గడియలు కలిపి ఉంటే పదకొండున్నరకు పోటు నిండుతుందని పెసరట్టు తింటున్నప్పుడే తెలిసేది.

పడవ బాబాయికి ఈ గుణకారం కూడా అక్కర్లేదు. "చంద్రుడు తూర్పున సగం ఎక్కేసరికి పోటు నిండుతుంది, పడమట సగం దిగేసరికి పాటు" అంటాడు. చంద్రుడు కనబడని వేళల్లో ఎలా అని అడిగితే, "కనబడకపోతే లేకుండా పోతాడా" అన్నాడు. నేను ఇంటికి వచ్చి కాగితం మీద వేసి చూశాను. సరిపోయింది.

ఇక్కడ కొందరు మిత్రులు ముఖం చిట్లిస్తారని తెలుసు. పంచాంగం అనగానే రాహుకాలం, వర్జ్యం, గౌళిపాటు గుర్తుకొచ్చి, "మీరు కూడానా" అంటారు. నాకు వాటితో పని లేదు. తిథి అంటే సూర్యుడికీ చంద్రుడికీ మధ్య కోణం. ఆ కోణం పన్నెండు డిగ్రీలు పెరిగితే ఒక తిథి. సముద్రాన్ని లాగేది కూడా ఆ ఇద్దరే. ఇద్దరూ ఒక వరుసలో ఉన్న అమావాస్య, పౌర్ణమిలకు పోటు పెద్దది, అడ్డంగా ఉన్న అష్టమికి చిన్నది. ఇంతకన్నా శుద్ధమైన భౌతికశాస్త్రం మన గోడల మీద ఇంకెక్కడ వేలాడుతోంది? తమాషా ఏమిటంటే, దేశమంతటి గడియారాలకు ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కూడా కాకినాడ దాపునే పోతుంది. దేశానికి టైము చెప్పే గీత పక్కనే పుట్టి, ఏ టైముకు బురద బయటపడుతుందో తెలియకుండా నలభై ఏళ్లు బతికాను.

ఫోనులో చూసుకోవచ్చు కదా అనేవాళ్లూ ఉన్నారు. చూసుకోవచ్చు, నేనూ చూస్తాను. కానీ ఫోను చెప్పేది రేవు దగ్గర లెక్క. ఆ నీళ్లు కోరంగి పాయలోకి, గాడేరులోకి, వాటి పిల్ల పాయల్లోకి ఎక్కేసరికి ఆలస్యం అవుతుంది. ఎంత ఆలస్యమో ఆ పాయలో వల కట్టేవాడికి తెలుసు. అతణ్ణి అడగాలంటే ముందు అతనితో మాట్లాడాలి. మన పక్షి ప్రేమికుల్లో చాలామంది పడవవాళ్లతో మాట్లాడేది బేరం దగ్గర మాత్రమే.

ఇంతకీ పోటుకూ పక్షికీ సంబంధం ఏమిటి? కోరంగి అంటే అందరూ చెట్లే అనుకుంటారు. అభయారణ్యం 1978లో ఏర్పడింది, విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. చెక్క బాట మీద నడిచి, బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన మడ చెట్ల ఊపిరి వేళ్లు చూసి, తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపు పోతుందని పడవవాడు చెబితే భయపడి, ఫొటో దిగి వచ్చేస్తారు. అదీ బాగానే ఉంటుంది. కానీ చలికాలపు వలస పక్షుల్లో ఎక్కువ భాగానికి చెట్టుతో పని లేదు. వాటికి కావలసింది చెట్లు అయిపోయిన తరువాత మొదలయ్యే బురద. గోదావరి పాయ గౌతమి తెచ్చి పోసిన ఒండ్రు, దానికి అడ్డంగా తూర్పున ఇసుక గోడలా పడుకున్న హోప్ ఐలాండ్, ఆ రెండింటి మధ్య కాకినాడ అఖాతం. లోతు తక్కువ, అలల ఉధృతి తక్కువ. నీళ్లు తీసినప్పుడు అక్కడ బయటపడే నేల మన కంటికి పనికిరాని బురద. పిట్టల కంటికి అది వడ్డించిన విస్తరి.

ఆ విస్తరిలో ఎవరి వరుస వారిదే. చిన్న చిత్తడి పిట్టలు, ప్లోవర్లని పిలిచేవి, చూపుతో వేటాడతాయి. నాలుగడుగులు పరుగు, ఠక్కున ఆగడం, ఒక పొడుపు, మళ్లీ పరుగు. ఉల్లంకి జాతుల్లో కొన్ని ముక్కును బురదలో గుచ్చి, కంటితో పని లేకుండా ముక్కు కొస స్పర్శతోనే పురుగును పసిగడతాయి. గాడ్విట్ ముక్కు ఇంకా లోతుకు దిగుతుంది. కర్లూ అనే పెద్ద పిట్టకు కొడవలిలా వంగిన జానెడు ముక్కు. పీత కన్నం వంపు తిరిగి ఉంటుంది, దాని ముక్కూ అలాగే ఉంటుంది. పీతను బయటికి లాగి, విదిలించి కాళ్లు ఊడగొట్టి, మిగిలింది మింగుతుంది. ఒకే బురదలో అంగుళం లోతు ఒకరిది, మూడంగుళాలు మరొకరిది, ఆరంగుళాలు ఇంకొకరిది. ఆస్తి తగాదాలు లేవు. మా జిల్లాలో అది విశేషమే.

నీళ్లు పూర్తిగా తీసిన వేళ వెళితే ఏమవుతుంది? పిట్టలన్నీ ఉంటాయి, కానీ కనుచూపు మేర చెల్లాచెదురుగా, ఆవాలు చల్లినట్టు. పోటు నిండాక వెళితే నాకు జరిగినట్టే జరుగుతుంది, అన్నీ ఎక్కడో ఎత్తయిన ఇసుక తిన్నె మీదకు చేరి, ఒంటికాలి మీద నిలబడి, ముక్కు రెక్కలో దూర్చి కునుకు తీస్తుంటాయి. చూడవలసింది ఈ రెండింటి మధ్య, పోటు ఎక్కుతున్నప్పుడు. నిండడానికి రెండు మూడు గంటల ముందు గట్టున ఒకచోట కదలకుండా కూర్చుంటే చాలు. నీళ్లు అంగుళం అంగుళం మింగుతూ వస్తుంటే, ఆ ఆవాలన్నీ బురద అంచునే తింటూ, అడుగు వెనక్కి వేస్తూ, మన వైపే వస్తాయి. మనం వెంటపడనక్కర్లేదు. సముద్రమే తోలుకొస్తుంది.

ఇక వెలుతురు సంగతి. ఇది పుస్తకాల్లో ఉండదు, కాకినాడ వాళ్లకు మాత్రమే పట్టిన తద్దినం. పక్షులు చూడాలంటే తెల్లవారక ముందే లేవాలని అందరూ చెబుతారు. అడవికి ఆ మాట నిజం. మనకు సముద్రం తూర్పున ఉంది. ఉదయం ఏడుకు గట్టున నిలబడితే సూర్యుడు సూటిగా కళ్లలోకి, ఎదురుగా నీళ్ల మీద తళతళ, దాని మధ్య ప్రతి పిట్టా బొగ్గు ముక్క. ఆ వెలుతురులో జాతులు గుర్తుపట్టానని చెప్పేవాడి మాట నేను నమ్మను. మధ్యాహ్నం రెండున్నర దాటాక సూర్యుడు మన వీపు వెనక్కి వస్తాడు. అప్పుడు ప్రతి ఈకా లెక్కపెట్టొచ్చు. కనుక పోటు సాయంత్రం నాలుగు అయిదుకు నిండే రోజు కావాలి. తొమ్మిది గంటలకు ఇరవై గడియలు కలపండి. అయిదు. దశమి.

అష్టమి అయితే వేళ ఇంకా బాగుంటుంది కానీ పోటు చిన్నది, పిట్టలను గట్టు దాకా తోలే సత్తువ ఉండదు. ఏకాదశికి పోటు కాస్త బలపడుతుంది కానీ చలికాలం పొద్దు త్వరగా వాలిపోతుంది. ఆరేళ్లు అన్ని తిథులూ తిరిగి చూశాక, పుష్య మాఘ మాసాల దశమి మధ్యాహ్నానికి సాటి లేదని తేల్చుకున్నాను. శుద్ధ దశమి అయినా, బహుళ దశమి అయినా ఒకటే. దీనితో విభేదించేవాళ్లు తమ తిథి చెప్పవచ్చు. వారం చెబితే మాత్రం వినను.

కొత్తగా కనిపెట్టినట్టు ఇదంతా చెబుతున్నాను కానీ, ఈ నేల మీద జనం ఎప్పటి నుంచో నీళ్ల దగ్గరకు తిథిని బట్టే వెళుతున్నారు. పుష్య బహుళ అమావాస్యకు పేరే చొల్లంగి అమావాస్య. గోదావరి ఏడు పాయల్లో తుల్యభాగ సముద్రంలో కలిసే చోటని అక్కడ స్నానం చేస్తారు. ఏడు సంగమాల్లో మునిగే సప్తసాగర యాత్రకు మొదటి మునక అదే. పెద్ద పోటు నాడు ఉదయం, సముద్రం తనంతట తాను నడిచి ఊరి వైపు వచ్చే వేళ. వృద్ధులు బురదలో దిగబడకుండా నీళ్లు అందే రోజు. పుణ్యం సంగతి నాకు తెలియదు, ఏర్పాటు మాత్రం తెలివైనది. అదే వారంలో ఉత్తర దేశాల నుంచి దిగిన పక్షులు ఈ తీరాన నిండుగా ఉంటాయి. మొన్న వెళ్లినప్పుడు తడి చీర పిండుకుంటున్న ఒక మామ్మగారు నా బైనాక్యులర్ చూసి, "ఓడలు చూస్తున్నావా నాయనా" అన్నారు. పిట్టలండీ అంటే, "అవి చూడటానికి అది దేనికి" అని తలెత్తి, గాలిలో వరుసగా పోతున్న వాటిని "నారాయణ పక్షులు" అని చెప్పి వెళ్లిపోయారు. కళ్లద్దాలు కూడా లేవు ఆమెకు. నిజంగా నారాయణ పక్షులే అవి.

స్థానికుడి వేళను నమ్మనందుకు మనం ఎంత నష్టపోగలమో తెలియాలంటే కలివి కోడి అనే అరుదైన పిట్ట కథ చాలు. జెర్డన్ అనే పక్షిశాస్త్రవేత్త 1848లో దాన్ని లోకానికి చెప్పాడు. 1900 తరువాత కనబడక, ఆ జాతి అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా పొదల్లో మళ్లీ దొరికింది. దొరికించినవాడు ఐతన్న అనే స్థానిక వేటగాడు. ఆ పిట్ట తిరిగేది రాత్రిపూట. పగటి వెలుతురులో వెతికి లేదనుకున్నదాన్ని రాత్రి సంగతి తెలిసినవాడు చేతిలో పెట్టాడు. మన తీరానిదీ అదే తంతు.

ఇప్పుడు తగ్గుదల మాటకు వస్తాను. కాకినాడ తీరానికి వచ్చే పక్షుల్లో గ్రేట్ నాట్ అనేది ఒకటి, చూడటానికి ఏ గొప్పా లేని బూడిద రంగు పిట్ట. ఈశాన్య సైబీరియా కొండల్లో గుడ్లు పెడుతుంది. దక్షిణ కొరియాలో సేమన్‌గమ్ దగ్గర 33 కిలోమీటర్ల గోడ కట్టి, దారిలో వాటికి తిండి పెట్టే బురదను 2006లో సముద్రం నుంచి వేరు చేశాక ఆ జాతి బాగా దెబ్బతింది. ఇప్పుడు అది ప్రమాదంలో ఉన్న జాతుల పట్టికలో ఉంది. బురదను ఖాళీ స్థలం అనుకునే చూపు ఎక్కడైనా ఒకటే. అదే పట్టికలో మనకు వచ్చే ఇండియన్ స్కిమ్మర్ కూడా ఉంది. నారింజ రంగు ముక్కు, కింది సగం పై సగం కన్నా పొడవు. ఎగురుతూ ఆ కింది ముక్కుతో నీటిని కత్తెర వేసినట్టు కోసుకుంటూ పోతుంది, చేప తగిలితే మూస్తుంది. చంబల్ నది ఇసుక తిన్నెల మీద గుడ్లు పెడుతుంది, చలికాలానికి కాకినాడ కుంభాభిషేకం తీరం దాకా వస్తుంది. పగలు ఎక్కువసేపు ఇసుక మీద అన్నీ గాలికి ఎదురుగా తిరిగి కూర్చుంటాయి, వేట సంధ్య వేళ, రాత్రి.

ఈ స్కిమ్మర్ల దగ్గరే నా వాదన నాకు ఎదురు తిరిగింది. రెండేళ్ల క్రితం ఒక దశమి నాడు నేనే నలుగురికి వేళ చెప్పి తీసుకెళ్లాను. అంతా అనుకున్నట్టే జరిగింది. పోటు ఎక్కింది, ఎండ వీపు మీద పడింది, స్కిమ్మర్లు ఉన్న తిన్నె చిన్నదై మాకు దగ్గరైంది. మాలో ఒకాయనకు అవి ఎగురుతున్న ఫొటో కావాలి. నడుచుకుంటూ ముందుకెళ్లాడు. లేచాయి, తిరిగి వాలాయి. మళ్లీ వెళ్లాడు. మూడోసారి లేచినవి తిరిగి రాలేదు. పాటు వేళ లేపితే ఇంకోచోట వాలతాయి, చుట్టూ బురదే. పోటు నిండిన వేళ లేపితే వాటికి మిగిలింది ఆ ఒక్క తిన్నె, అది కూడా మన బూట్ల కింద ఉంది. ఫాల్గుణం వచ్చేసరికి ఈ పక్షులు తిరుగు ప్రయాణానికి కొవ్వు కూడబెట్టుకుంటుంటాయి. ఒక్కో అనవసరపు ఎగురుడూ ఆ ఖాతాలోంచి తీసిన సొమ్మే. నేను వేళ చెప్పకపోయి ఉంటే ఆయన పదకొండింటికి వచ్చి కొంగ ఫొటో తీసుకుని ఇంటికి పోయేవాడు. వేళ తెలిసినవాడు చేయగల నష్టం, తెలియనివాడు చేయలేడు.

అయినా ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, దాచిపెడితే మేలు జరుగుతుందనే నమ్మకం కూడా నాకు లేదు. ఆదివారం మధ్యాహ్నం వచ్చి, ఖాళీ నీళ్లు చూసి, ఇక్కడేమీ లేదనుకుని వెళ్లినవాడు రేపు ఆ బురద మీద మట్టి పోస్తామంటే అడ్డం చెప్పడు. అతనికి అక్కడ ఏమీ కనబడలేదు మరి. ఒక్కసారి దశమి మధ్యాహ్నం కూర్చున్నవాడికి ఆ మాట మింగుడుపడదు. కూర్చోవడం అనే అంటున్నాను, నడవడం అనడం లేదు. ఆ రోజు తరువాత నేను ఎవరిని తీసుకెళ్లినా ముందు చాప పరుస్తాను. చాప దాటినవాళ్లను మళ్లీ పిలవను. ఇప్పటికి ఇద్దరు దాటారు.

ఎన్ని జాతులు చూశారనే ప్రశ్న కూడా మానేయాలని నా కోరిక. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది. అది పని, ఆ లెక్క కావాలి. మనం ఆదివారం పూట వేసుకునే పట్టిక వేరు, అది తపాలా బిళ్లల సేకరణ లాంటిది. నిరుడు మాఘ దశమి మధ్యాహ్నం మూడు గంటలు కూర్చుని నేను నిజంగా చూసింది ఒకే ఒక్క కర్లూను. ఎడమ కాలు కాస్త ఈడుస్తోంది. పదకొండు పీతలు తిన్నది, రెండు చేజార్చుకుంది, ఒకటి పెద్ద తెల్ల కొంగ లాక్కుపోయింది.

చిక్కల్లా నా ఉద్యోగంతోనే. దశమి ఆదివారం నాడు పడటం ఏడాదికి నాలుగైదుసార్లు ఉంటే గొప్ప, అందులో చలికాలంలో పడేవి ఒకటో రెండో. అందుకని ఈ మధ్య సెలవు పెట్టడం మొదలుపెట్టాను. మా మేనేజరు గారు నాలుగు నెలల దరఖాస్తులు ముందు పెట్టుకుని, తేదీలు చూసి, ఫోనులో ఏదో సరిచూసుకుని, కళ్లజోడు మీంచి నన్ను చూశారు.

"అన్నీ దశమి నాడే పెడుతున్నారు. మర్నాడు ఏకాదశి ఉపవాసానికి ముందు ఏమైనా నియమమా?"

"అవునండీ," అన్నాను. "మధ్యాహ్నం రెండు నుంచి కదలకుండా కూర్చోవాలి."

సంతకం పెట్టేశారు. వాళ్ల అమ్మగారి పేరు మీద కూడా ఓ నమస్కారం పెట్టుకోమన్నారు.